కుట్టు మిషన్ ఉన్న హాల్లోనే పేరంటం

రెండు పడగ్గదుల ఫ్లాట్‌లో కుట్టుపనికి విడిగా గది దొరకడం అరుదు. మిషన్ హాల్లో ఓ మూలకి చేరుతుంది, పక్కనే బ్లౌజు గుడ్డ బిగించి జరీ, పూసల పని చేసే మగ్గం చట్రం గోడకి ఆనుతుంది, సోఫా కిందకి లైనింగ్ గుడ్డల సంచి దూరుతుంది. శ్రావణం వచ్చేసరికి ఆ హాల్లోనే వరలక్ష్మీ వ్రతం పేరంటం పెట్టుకోవాలి. అప్పుడు చాలా ఇళ్ళలో మూల మొత్తం ఎత్తి పడగ్గదిలో మంచం మీద కుప్పపోసి తలుపు మూసేస్తారు. పేరంటం అయ్యాక ఆ కుప్పలోంచి పావు మీటరు పైపింగ్ గుడ్డ వెతుక్కోవడానికి వారం పడుతుంది.

బ్లౌజులు కుట్టేవాళ్ళకి చేతినిండా పని ఉండేది కూడా శ్రావణంలోనే. వ్రతానికి ముందురోజు రాత్రి దాకా మిషన్ ఆడుతూనే ఉంటుంది. అందుకని మూలని ఖాళీ చేయడం గురించి కాకుండా, ఉన్న చోటే ఉండి అది పేరంటంలో పాలుపంచుకునేలా ఎలా అమర్చుకోవాలో ఆలోచించాలి. మూసిన మిషన్ బల్లే తాంబూలం బల్ల, దారాల పలక మీద వేసిన పరదాయే గోడకి అలంకారం, పాత నూలుచీరే వాయనం సంచులు. ఇలా ఒకసారి కుదుర్చుకుంటే, మూల మూయడానికి ఇరవై నిమిషాలు చాలు.

మిషన్ ఎక్కడ పెట్టాలి

ముందు టేపుతో కొలవండి. హాలు 11 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు అనుకుందాం. తొక్కుడు మిషన్ బల్ల సుమారు 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. స్టూలు లాక్కుని కూర్చోడానికి రెండున్నర అడుగులు, కుడుతున్న గుడ్డ ఎడమవైపు జారడానికి ఇంకో అడుగు కావాలి. అంటే 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న నేల దానికి వదిలేయాలి. మనుషులు నడిచే దారికి ఎక్కడైనా రెండున్నర అడుగులు తగ్గకూడదు. పట్టుచీర కట్టుకుని చేతిలో పళ్ళెం పట్టుకున్న మనిషి అంతకంటే ఇరుకులో నడిస్తే కుచ్చిళ్ళు దేనికో తగులుకుంటాయి.

చాలామంది వెలుతురు కోసం మిషన్‌ని బాల్కనీ కిటికీ దగ్గర వేస్తారు. మా సలహా మాత్రం వీధి తలుపు పక్క గోడ. పేరంటంలో తాంబూలం ఇచ్చేది మనిషి వెళ్ళబోయేటప్పుడు. బల్ల హాలు చివర ఉంటే వెళ్ళేవాళ్ళు కూర్చున్నవాళ్ళ మధ్యలోంచి లోపలికి వెళ్ళి మళ్ళీ బయటికి రావాలి. వచ్చేవాళ్ళూ వెళ్ళేవాళ్ళూ మధ్యలో గుద్దుకుంటారు. పైగా కిటికీ దగ్గర ఎండకి దారాల రంగు వెలుస్తుంది, వానజల్లుకి గుడ్డలు తడుస్తాయి. రంగు పోల్చుకోవడానికి పగటి వెలుతురు కావాలంటే రీలు, గుడ్డ పట్టుకుని నాలుగడుగులు వేసి బాల్కనీలోకి వెళ్తే సరిపోతుంది.

ఎన్నుకున్న గోడకి అవతల ఏముందో కూడా చూసుకోండి. బయటి గోడైతే వానాకాలం చెమ్మ లాగుతుంది. దానికి ఆనించిన జరీ నల్లబడుతుంది, కాన్వాస్ బూజు పడుతుంది. రెండు గదుల మధ్య గోడ అన్నిటికంటే మంచిది.

దారాలు, గుడ్డలు, పూసలు

దారం రీళ్ళు డబ్బాలో వేస్తే ఒకదాని కొస ఇంకోదానికి చుట్టుకుంటుంది, విడదీసే ఓపిక లేక కత్తిరిస్తాం, సగం దారం చెత్తలోకి పోతుంది. గోడకి ఒక పలక చేసుకుంటే ఆ బాధ ఉండదు. 24 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క తీసుకోండి. అడ్డంగా అంగుళమున్నరకి ఒకటి, నిలువుగా 3 అంగుళాలకి ఒక వరుస చొప్పున పెన్సిలుతో గుర్తులు పెట్టండి. వరుసకి 15, అయిదు వరుసలకి 75 రీళ్ళు పడతాయి. రెండున్నర అంగుళాల మేకులు పలక వెనకనుంచి ముందుకి దిగ్గొట్టాలి, మొన కొంచెం పైకి వాలేలా. ముందునుంచి కొడితే అర అంగుళం ప్లైవుడ్ మేకుని ఎక్కువకాలం పట్టి ఉంచదు, రీళ్ళు తీసి పెట్టడంలోనే వదులవుతుంది. బయటికి వచ్చిన మొనల్ని ఆకురాయితో మొద్దు చేయడం మరిచిపోకండి. పలక వెనక పైనా కిందా ఒక్కో చెక్క పట్టీ కొట్టి, ఆ పట్టీల్లోంచి గోడకి బిగించండి. ప్రతి మేకుకీ ముందు రీలు, దాని మీద అదే రంగు బాబిన్ (మిషన్ అడుగు దారం చుట్టే చిన్న ఉండ). బాబిన్లన్నీ ఒక డబ్బాలో వేసుకుంటే, కావలసిన రంగు ఉందో లేదో తెలీక మళ్ళీ కొత్తది చుడతాం. అలా ఒకే మెరూన్ నాలుగు బాబిన్లకి ఎక్కుతుంది.

పలకకి పైన సన్నటి కర్టెన్ రాడ్ ఒకటి బిగించి, పెడన కలంకారి గుడ్డ ఒక మీటరు తెచ్చి పరదాగా కుట్టి వేయండి. పలకకంటే చుట్టూ అంగుళం ఎక్కువ ఉండాలి. పనివేళల్లో పరదా పక్కకి, పేరంటం వేళ మూత. మూస్తే అది దారాల పలక అని ఎవరూ అనుకోరు, గోడకి కట్టిన బొమ్మలా ఉంటుంది. మామూలు రోజుల్లో కూడా దుమ్ము పడదు, ఎండ తగలదు. గుడ్డ కొనేటప్పుడు చెట్టు, నెమలి లాంటి నిలువు బొమ్మ ఉన్నది తీసుకుంటే, పరదా నిలువుగా వేలాడుతుంది కాబట్టి బొమ్మ అడ్డం పడదు.

బ్లౌజు పీసులు, లైనింగులు ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టడం అందరం చేసే తప్పే. అడుగుది లాగగానే దొంతరంతా పక్కకి ఒరుగుతుంది. 8 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు అట్టముక్కలు కోసి, ఒక్కో పీసు ఒక్కో అట్టకి చుట్టి, పుస్తకాల్లా నిలబెట్టండి. 12 అంగుళాల ఎత్తు ఉన్న అరలో సరిగ్గా పడతాయి. వెతకాల్సిన పని లేదు, రంగులన్నీ కళ్ళముందే ఉంటాయి. అర మీటరు కంటే చిన్న ముక్కలకి అట్ట వద్దు, అన్నీ ఒకే సంచిలో వేయండి. అవి బొత్తాలకీ పైపింగులకీ పోతాయి.

పూసలకి, చమ్కీలకి, కుందన్లకి పోపుల డబ్బాని మించింది లేదు. ఏడు గిన్నెలు, ఒకే మూత, వంటింట్లోంచి రిటైరైన పాతది ఎక్కడో ఉండనే ఉంటుంది. ఒక్కటే చిక్కు. మూతకీ గిన్నెల అంచులకీ మధ్య ఖాళీ ఉంటుంది. డబ్బా కొంచెం వాలినా చక్కెర పూసలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి దూకుతాయి. బంగారు రంగుదీ రాగి రంగుదీ కలిస్తే సూది మొనతో ఒక్కొక్కటీ ఏరాలి. పాత యోగా చాప ముక్కో, మందపాటి స్పాంజి షీటో డబ్బా లోపలి కొలతకి గుండ్రంగా కోసి గిన్నెల మీద పరిచి, అప్పుడు మూత నొక్కండి. మూత కాస్త బిగుతుగా పట్టాలి. అది గిన్నెల నోళ్ళు మూసేస్తుంది, డబ్బా తలకిందులు చేసినా పూస కదలదు. జర్దోసీ, అంటే సన్నటి లోహపు తీగ చుట్టలు, మాత్రం ఇందులో వేయకండి. దాన్ని గాలి చొరని జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, నాఫ్తలీన్ ఉండలకి దూరంగా ఉంచాలి.

మగ్గం చట్రం మీద సగం పనిలో ఉన్న బ్లౌజు ఉంటే విప్పలేం. విప్పితే బిగువు పోయి మళ్ళీ అదే తీరున ఎక్కదు. చట్రాన్ని నిలువుగా గోడకి ఆనించి పైన పలుచటి నూలుగుడ్డ కప్పండి. ప్లాస్టిక్ వద్దు, లోపల చెమ్మ నిలిచి జరీ రంగు మారుతుంది. ఇంకో మార్గం కూడా ఉంది, మాకైతే అదే ఇష్టం. పని నీటుగా సాగుతున్న చట్రమైతే కప్పకుండా గోడకి ఎత్తుగా తగిలించండి. సగం పూర్తయిన హంస, దాని పక్కన ఇంకా చాక్ గీతలుగానే ఉన్న రెండో హంస. వచ్చినవాళ్ళు అక్కడ ఆగి చూసి మాట్లాడతారు, కొనుక్కొచ్చిన ఏ బొమ్మ దగ్గరా అంతసేపు ఆగరు. అయితే దాని అడుగు అంచు నేలనుంచి అయిదడుగుల పైన ఉండాలి. పేరంటంలో అందరి చేతులకీ పసుపు ఉంటుంది, చూసినవాళ్ళు ముట్టుకోకుండా ఉండలేరు. చట్రం ఇంకొకరి బ్లౌజుదైతే మాత్రం కప్పేయడమే పద్ధతి.

రెండు వెలుతుర్లు

ఒకే లైటు అటు కుట్టుకీ ఇటు పేరంటానికీ కుదరదు. ఎల్ఈడీ బల్బు డబ్బా మీద కెల్విన్ అంకె ఉంటుంది. 6500 అంటే తెల్లటి పగటి వెలుతురు, 2700, 3000 అంటే పసుపు వెలుతురు. పసుపు వెలుతురులో తెలుపూ మీగడ రంగూ ఒకేలా కనిపిస్తాయి, నేవీ బ్లూ నల్లగా కనిపిస్తుంది. రాత్రి వెతికి పెట్టిన దారం తెల్లారేసరికి వేరే రంగై కూర్చునేది అందుకే. మిషన్ మీదికి 6500 కెల్విన్ 9 వాట్ల బల్బు, మెడ వంగే దీపంలో, ఎడమవైపునుంచి పడేలా పెట్టండి. కుడిచేతి వాటం వాళ్ళకి అప్పుడు చేతి నీడ సూది మీద పడదు.

పేరంటానికి ఆ తెల్ల లైటు కట్టేసి 3000 కెల్విన్ బల్బులు రెండు వెలిగించండి. ఒకటి తాంబూలం బల్ల పక్కన, ఒకటి అమ్మవారికి ఎదురు మూల. కుంకుమ, బంతిపూలు, ఇత్తడి, పట్టుచీరల జరీ అన్నీ ఆ వెలుతురులోనే నిండుగా కనిపిస్తాయి. తెల్ల ట్యూబులైటు కింద అవే పూలు పాలిపోయినట్టుంటాయి. మిణుకుమిణుకుమంటూ వెలిగి ఆరే సీరియల్ లైట్లు మాత్రం వద్దు. దీపారాధన వెలుగుతున్న చోట చూపు నిలవదు, ఫొటోల్లోనూ బాగుండవు.

మిషన్ బల్లే తాంబూలం బల్ల

మిషన్ తల మడిచి కిందికి దించే బల్లైతే పని సులువు. ముందు చక్రం మీంచి బెల్టు తప్పించండి. మరిచిపోయి తల వంచితే బెల్టు లాగి పట్టి, దాని కొక్కెం తెగుతుంది. సూది కిందికి దిగి ఉందేమో చూసుకుని పైకి లేపండి, లేకపోతే విరుగుతుంది. మోటారు బిగించిన తల కొన్ని బల్లల్లో పూర్తిగా దిగదు. అప్పుడు మోటారు బ్రాకెట్ బోల్టు విప్పి మోటారుని అడుగున ఉంచండి. విప్పడం ఇష్టం లేకపోతే తలని అలాగే ఉంచి చెక్క మూత పెట్టేయండి. బల్లకి రెండు మెట్లు వచ్చినట్టవుతుంది, పై మెట్టు మీద పూలబుట్ట పెట్టుకోవచ్చు.

బల్ల మీద నూనె మరక ఉంటుంది, ఉండి తీరుతుంది. పొడిగుడ్డతో తుడిచి పాత న్యూస్ పేపరు రెండు పొరలు పరిచాక మాత్రమే పైగుడ్డ వేయండి.

పైగుడ్డకి పాత మంగళగిరి నూలుచీర బాగుంటుంది. అయిదున్నర మీటర్ల చీరని సగానికి మడిస్తే 108 అంగుళాలు వస్తుంది. బల్ల పొడవు 36, రెండు పక్కలా కిందికి 30 చొప్పున 60, మొత్తం 96. మిగిలిన 12 అంగుళాలు పక్కల్లో లోపలికి మడిచేయొచ్చు. చీర వెడల్పు 45 అంగుళాల చిల్లర. బల్ల వెడల్పు 18, వెనక వేలాడే రెండు అంగుళాలు పోగా ముందువైపు సుమారు 25 అంగుళాలు వేలాడుతుంది. నేలకి అయిదంగుళాల పైన ఆగుతుందన్నమాట. ఆ ఖాళీ ఉండటమే మంచిది, ఎవరి కాలూ గుడ్డని తొక్కదు. అంచు ముందుకి వచ్చేలా వేయండి. నున్నటి సన్మైకా మీద చీర జారుతుంది కాబట్టి వెనకవైపు రెండు పెద్ద పేపర్ క్లిప్పులు పట్టించండి. ఈ బల్ల మీద దీపం మాత్రం పెట్టొద్దు. గుడ్డ, కాగితం, నూనె మూడూ ఉన్న చోటు అది.

బల్ల మీద మూడే ఉండాలి. ఎడమ చివర ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, గంధం గిన్నెలు. మధ్యలో తడిగుడ్డ పరిచిన వెదురుబుట్టలో పూలు, తమలపాకులు. కుడి చివర పది సంచులు నిలబెట్టిన బుట్ట. మిగతా సంచులు వంటింట్లో ఉంటే చాలు, పదీ అయ్యాక మళ్ళీ నింపుకోవచ్చు. పాతిక సంచులూ ఒకేసారి పరిస్తే బల్ల సంత అంగడిలా ఉంటుంది, ఎవరిదో తగిలి రెండు కిందపడతాయి.

ఒక చీర, పాతిక సంచులు

ప్లాస్టిక్ కవర్లో వాయనం ఇవ్వడం కంటే ఇంట్లో కుట్టిన సంచిలో ఇస్తే ఎంత తేడానో పుచ్చుకున్నవాళ్ళ ముఖంలోనే తెలుస్తుంది. చిరుగుల్లేని ఒక పాత నూలుచీర పాతిక సంచులకి సరిపోతుంది. ముందు గంజి పెట్టి ఇస్త్రీ చేయండి. వాడి వాడి మెత్తబడ్డ చీర గంజి లేకుండా కోస్తే కత్తెర కింద జారి వంకర్లు పోతుంది.

సంచి ముక్క 10 అంగుళాల వెడల్పు, 23 అంగుళాల పొడవు. సంచి ఎత్తు 10, రెండు వైపులా కలిపి 20, పైమడతలకి ఒక్కో వైపు ఒకటిన్నర చొప్పున 3. అడుగున కుట్టు లేదు, మడతే. పక్కల అర అంగుళం చొప్పున కుట్టులోకి పోగా 9 అంగుళాల వెడల్పు సంచి వస్తుంది. చీర వెడల్పులో ఇలాంటివి నాలుగు పడతాయి. 23 అంగుళాల వరుసలు ఏడు కోస్తే 28 ముక్కలు, మూడు చెడినా పాతిక మిగులుతాయి. ఆ ఏడు వరుసలకీ 161 అంగుళాలు. సంచి పట్టుకునే పట్టీలకి 3 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు ముక్కలు సంచికి రెండు. చీర అడ్డంలో మూడు చొప్పున పదిహేడు వరుసలు, 51 అంగుళాలు. మొత్తం 212. అయిదున్నర మీటర్లంటే 216. చూశారుగా, నాలుగంగుళాలే మిగిలింది, కొలిచి గీత గీశాకే కత్తెర పెట్టండి. కొంగు చిరిగిన చీరైతే పట్టీలకి వేరే గుడ్డ వాడండి, రంగు తేడా అందంగానే ఉంటుంది.

పట్టీ ముక్కని పొడవునా రెండు అంచులూ మధ్యకి మడిచి, మళ్ళీ సగానికి మడిచి కుడితే ముప్పావు అంగుళం పట్టీ వస్తుంది. సంచి ఒక్కటీ మొదలుపెట్టి పూర్తి చేసి ఇంకోటి పట్టుకోకండి. పాతికకీ పక్క కుట్లు ఒకదాని వెనక ఒకటి దారం తెంపకుండా వేసేయండి, తరవాత పైమడతలు, చివర పట్టీలు. 14 నంబరు సూదితో అన్నీ అవుతాయి గానీ, పట్టీ కలిసే చోట ఏడు పొరలు పడతాయి. అక్కడ 16 నంబరుకి మార్చకపోతే కుట్లు దాటేస్తుంది, లేదా సూది వంగుతుంది. అక్కడ చక్రాన్ని చేత్తో తిప్పుతూ వెళ్ళండి. పట్టీ చివర చదరంగా కుట్టి మధ్యలో అడ్డగీతలు వేస్తే రెండు కొబ్బరికాయల బరువు మోస్తుంది.

సంచిలోకి వెళ్ళేవాటి లెక్క పాతికమందికి: తమలపాకులు 60, అరటిపళ్ళు 50, వక్క పొట్లాలు 25, పసుపు కుంకుమ పొట్లాలు 25, శనగలు నానబెట్టక ముందు కిలోన్నర. శనగలు రాత్రి నానేసి పొద్దున్నే వడకట్టి, గుడ్డ మీద అరగంట ఫ్యాను కింద ఆరబెట్టాకే పొట్లం కట్టాలి. తడివి తడిగానే మూటకడితే సాయంత్రానికి జిగురు పట్టి వాసన వేస్తాయి. అరటిపళ్ళు అడుగున, శనగలు పక్కన, బ్లౌజు పీసు వాటి తడి తగలకుండా విడిగా సన్న కవర్లో. పూలు, ఆకులు ఇచ్చే నిమిషంలోనే.

కూర్చోబెట్టడం

సాయంత్రం నాలుగునుంచి ఎనిమిది దాకా పాతికమంది వస్తారంటే ఒక్కసారిగా కూర్చునేది ఎనిమిది, పదిమందే. సోఫాలో ముగ్గురు, కుర్చీల్లో నలుగురు, జంపఖానా మీద ముగ్గురు. పెద్దవాళ్ళకి గట్టి కుర్చీలే వేయాలి, కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు ఉండాలి. "ఫర్లేదమ్మా, కిందే కూర్చుంటా" అంటారు మొహమాటానికి. నమ్మకండి, లేచేటప్పుడు ఇబ్బంది పడేది వాళ్ళే. "పిన్నిగారూ, ఇలా కుర్చీలో కూర్చోండి" అని మీరే చూపించాలి. పారాణి రాయడానికి వాళ్ళ పాదాల కింద ఒక పీట, ఆ పీట మీద పాత తువ్వాలు.

నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న వరంగల్ జంపఖానా ముగ్గురికి హాయిగా సరిపోతుంది. నున్నటి టైల్స్ మీద అది జారుతుంది. అలమరల్లో పరిచే రబ్బరు జాలీ షీటు అడుగున వేస్తే కదలదు. నడిచే దారిలో దాని అంచు రాకూడదు.

సోఫా మీద పసుపు పడుతుంది. వెంటనే సబ్బు పెట్టి రుద్దితే పసుపు ఎర్రబడి కంగారు పెడుతుంది. అది సున్నం తగిలినప్పుడు పారాణి ఎర్రబడినట్టే, పాడైపోయినట్టు కాదు. చల్లటి నీళ్ళతో బాగా కడిగి ఎండలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో వెలిసిపోతుంది. తీసి ఎండలో వేయలేని సోఫాకి ముందే ఉతికిన దుప్పటి పరిచి బిగుతుగా దోపుకోవడం మేలు.

పూలు, ముగ్గు

వాకిట్లోకి అడుగుపెట్టగానే కనిపించే చోట గంగాళంలో నీళ్ళు, పూలు ఒక్కటి చాలు. 13 అంగుళాల వెడల్పున్న గంగాళానికి ముప్ఫై బంతిపూలు పడతాయి. తొడిమ అర అంగుళం ఉంచి కోయండి, నీళ్ళు మూడంగుళాలు. తొడిమ పూర్తిగా తీసేస్తే రేకలు విడిపోయి రెండు గంటల్లో నీళ్ళు జిగటగా మారతాయి. పూలు నీటిని పూర్తిగా కప్పేయాలి, మధ్యమధ్య ఖాళీలుంటే ఫ్యాను గాలికి అన్నీ ఒక పక్కకి చేరతాయి. గుమ్మం వెడల్పు మూడున్నర అడుగులైతే మామిడాకుల తోరణానికి రెండున్నర అంగుళాలకి ఒకటి చొప్పున 17 ఆకులు.

ఫ్లాట్లలో ముగ్గుది అసలు సమస్య. నున్నటి టైల్స్ మీద పొడి ముగ్గు నిలవదు, ఫ్యాను గాలికో పమిట చెంగుకో చెదిరిపోతుంది. ముగ్గుపిండి మీద కాలు పడితే జారతారు కూడా. ఒకసారి ముగ్గు పలక చేసి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. రెండడుగుల చదరపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్. 120 నంబరు గరుకు కాగితంతో రుద్ది, టెర్రకోట రంగు ఎమల్షన్ 200 మిల్లీలీటర్ల డబ్బా తెచ్చి రెండు పూతలు వేయండి, మధ్య నాలుగు గంటలు ఆరనివ్వండి. ఎనామెల్ వద్దు, దాని నున్నదనం మీద తెల్ల అక్రిలిక్ పట్టదు, గోటితో గీకితే పొరలుగా లేస్తుంది. ఆరాక చాక్‌తో చుక్కలు పెట్టండి. చుక్కకీ చుక్కకీ రెండంగుళాలు, వరుసకి 9 చుక్కలు, 9 వరుసలు. మొత్తం 16 అంగుళాలు వస్తుంది, చుట్టూ నాలుగంగుళాలు అంచు గీతలకి మిగులుతుంది. తెల్ల అక్రిలిక్‌లో రెండు చుక్కల నీళ్ళు కలిపి, 4 నంబరు గుండ్రటి బ్రష్‌తో మెలికల ముగ్గు వేయండి. ఒక మెలిక మొదలెడితే చేయి ఎత్తకుండా చుక్క చుట్టూ తిప్పి పూర్తి చేయాలి. మధ్యలో ఆగితే అతుకు కనిపిస్తుంది. మర్నాడు మెరుపు లేని వార్నిష్ ఒక పూత. దీన్ని అందరూ నడిచే దారిలో కాకుండా గంగాళం కింద పెట్టండి. మిగతా రోజుల్లో సోఫా వెనక నిలబడి ఉంటుంది.

కొండపల్లి బొమ్మలుంటే గంగాళానికి, దీపానికి దూరంగా, ఎత్తు తేడాలతో మూడు కలిపి పెట్టండి. తడిగుడ్డతో మాత్రం తుడవకండి. వాటిని చేసే తెల్లపొణికి చెక్క తేలిక, రంగు సున్నితం. పొడి మెత్తటి బ్రష్ చాలు.

సూదులు

అన్నిటికంటే ముఖ్యం ఇదే. చెప్పులు బయట విడిచి అందరూ వట్టి కాళ్ళతో తిరిగే, చాప మీద కూర్చునే చోట నిన్నటిదాకా గుండుసూదులు, మగ్గం సూదులు ఉన్నాయి. చీపురుతో ఊడిస్తే సూది టైల్స్ సందులో దాక్కుంటుంది. పాత స్పీకరులోని అయస్కాంతాన్ని కర్ర చివర కట్టి, మిషన్ చుట్టూ ఆరడుగుల దాకా నేలకి ఆనించీ ఆనించకుండా లాగండి. తరవాత గదిలో లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని నేలకి ఆన్చి అడ్డంగా వేయండి. పైనుంచి ఎంత వెతికినా కనిపించని సూది ఆ వెలుతురులో మెరిసి, దాని వెనక పొడుగాటి నీడ పడుతుంది. జంపఖానా పరిచేముందు దాని అడుగున కూడా ఇలాగే చూడండి. మగ్గం సూదులు ఎన్నున్నాయో లెక్కపెట్టి సీసాలో వేసి మూత బిగించండి. లెక్క తక్కువైతే దొరికేదాకా చాప పరవొద్దు.

మర్నాడు

బంతిపూలు తొడిమలతో సహా మొక్కల కుండీలోకి. పైగుడ్డ చీర బాల్కనీలో దులిపి, నూనె మరకేదైనా పట్టిందేమో వెలుతురుకి పట్టి చూడండి. ఉంటే టాల్కం పౌడరు చల్లి గంటాగి దులిపి, గిన్నెలు తోమే ద్రవంతో రుద్దాలి. కలంకారి పరదా పక్కకి లాగండి. మిషన్ తల పైకెత్తి బెల్టు ఎక్కించాక వెంటనే కుట్టడానికి ఇచ్చినవాళ్ళ బ్లౌజు పెట్టకండి. తల వంచి ఉంచినప్పుడు లోపలి నూనె జారి ఉండొచ్చు. ముందు ఒక చిరుగు గుడ్డ మీద రెండు మూడు నిమిషాలు ఆడించి, గుడ్డకి నూనె చుక్క అంటడం మానాక కొత్త గుడ్డ పెట్టండి.